స్లాబు మీదికి ఫోమ్ బోర్డులు కొనాలంటే ఎట్ల: వరంగల్ దిక్కు పాత ఇండ్ల రిపేర్ కోసం

సంక్రాంతి పోయిందంటే చాలు అందరు ఇదే అడుగుతరు. పాత ఇల్లు రిపేర్ చేయిస్తున్నం, పై అంతస్తుల రాత్రి పదకొండైనా ఫ్యాన్ కింద వేడి గాలే వస్తది, ఏదో ఫోమ్ బోర్డు వేస్తే సల్లగుంటదంట కదా, ఏది కొనాలె, ఎంత మందం కొనాలె, మనకాడ దొరుకుతదా అని. ఒక్కొక్కరికి విడిగ చెప్పేకన్నా మొత్తం ఒక్కకాడ రాసి పెడుతున్న. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల, రామగుండం, ఎక్కడైనా లెక్క ఇదే, మే నెలల 44, 45 డిగ్రీలు చూసే ఊర్లే కదా అన్నీ.

థియరీ ఒక్క ముక్కల చెప్తా. కాంక్రీట్ వేడిని ఆపదు. మీ 5 అంగుళాల స్లాబు మొత్తం కలిసి ఎంత వేడిని అడ్డుకుంటదో, సుమారు 3 ఎంఎం మంచి ఫోమ్ బోర్డు అంతే అడ్డుకుంటది. పైగా స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రంతా లోపలికి ఇడుస్తది. అందుకే బోర్డు స్లాబు పైన ఉండాలె, అప్పుడు స్లాబే వేడెక్కదు. గింత తెలిస్తే చాలు.

కొనడానికి పోయే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

టేపు, వంటింట్ల వాడే డిజిటల్ తూకం లేకుంటే చేతి కాటా, ఫోన్ల క్యాలిక్యులేటర్, మీ బంగ్లా (డాబా) పై కొలతలు రాసుకున్న కాగితం (ట్యాంకు దిమ్మె, సోలార్ స్టాండు, మెట్ల గది ఎక్కడెక్కడున్నయో గీసి పెట్టుకోండి), పదునైన కట్టర్ బ్లేడు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఒకటి దొరికితే మంచిది. కరోనా టైంల నుదురు చూసినవి పనికిరావు, అవి ఒంటి వేడి వరకే చూపిస్తయి, మెకానిక్‌లు వాడే రకం కావాలె.

1. ఎక్కడ వేస్తున్నరో ముందు తేల్చుకోండి

ఇది తేల్చకుండ షాపుకు పోతే వాళ్ల దగ్గర ఏముంటే అదే అంటగడ్తరు. మూడు సందర్భాలు ఉంటయి.

స్లాబు పైన: సొంత ఇల్లు, పైన ఇంకో అంతస్తు ఇప్పట్ల కట్టేది లేదు అనుకుంటే ఇదే మంచి పద్ధతి. స్లాబుకు కూడా మంచిదే, పగలు సాగుడు రాత్రి ముడుచుకునుడు తగ్గుతది కాబట్టి పగుళ్లు తగ్గుతయి.

స్లాబు కింద, అంటే లోపల సీలింగ్‌కు: పైన వేరే వాళ్ల వాటా ఉందనో, బంగ్లా మీద పని చేయనివ్వరనో ఉంటే ఇట్ల చేస్తరు. పని చేస్తది గాని స్లాబు మాత్రం వేడెక్కుడు ఆగదు, పైనుంచి లీకైతే లోపల కనపడదు, అన్నిటికన్నా పెద్దది నిప్పు భయం. లోపల వేసిన ఏ ఫోమ్ అయినా ఎప్పుడూ కనపడేటట్టు ఇడవొద్దు, కనీసం 12.5 ఎంఎం జిప్సం బోర్డుతోటి మూసెయ్యాలె.

రేకుల గది: ఇది వేరే కథ. మే ఎండకు జీఐ రేకు 65, 70 డిగ్రీలు ఈజీగ దాటుతది, థర్మాకోల్ రకం బోర్డులు తట్టుకునేది 75 దాకనే, అందుకే రేకుకు నేరుగ అంటించొద్దు. రేకులే మార్చేటట్టుంటే పఫ్ శాండ్‌విచ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్యల ఫోమ్ నింపినది) తీసుకోండి. మార్చకుంటే రేకు కింద గాలి సందు ఇడిచి ఫ్రేమ్ కట్టి సీలింగ్ చెయ్యండి. పాత సిమెంట్ రేకులైతే వాటిని కోయడం, రంధ్రాలు చేయడం అస్సలు చెయ్యొద్దు, అందులో ఆస్బెస్టాస్ ఉంటది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం.

కింద రాసింది ఎక్కువగ స్లాబు పైన వేసే వాళ్లకోసం.

2. లీకేజీ ఉంటే అది ఆపినంకనే బోర్డుల మాట

ఫోమ్ బోర్డు వాటర్‌ప్రూఫింగ్ కాదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ముందు పాత సిమెంట్ పొరలు ఎక్కడ బోలుగ అయినయో సుత్తె తోటి కొట్టి చూసి తీసెయ్యాలె, నీళ్లు పోయే పైపు దిక్కు వాలు సరిచేసుకోవాలె (100కు 1 అన్న ఉండాలె, అంటే 10 అడుగులకు ఒక అంగుళం పైన), వాటర్‌ప్రూఫింగ్ కొట్టాలె, పైపులు మూసి 24 గంటల నుంచి 48 గంటలు నీళ్లు నిలబెట్టి కింద సీలింగ్ చూడాలె. తడి మరక రాకుంటేనే ముందుకు పోవాలె.

సోలార్ ప్యానెళ్లు, హీటర్ స్టాండు, ట్యాంకు ఏదన్నా పెట్టే ఆలోచన ఉంటే వాటి దిమ్మెలు కూడా ఇప్పుడే కట్టించండి. తర్వాత బోర్డు తవ్వి దిమ్మె పెడితే వాటర్‌ప్రూఫింగ్ అక్కడే పోతది.

ఇల్లు బాగ పాతదైతే ఇంకొకటి. బోర్డు బరువు ఏమీ కాదు గాని దాని మీద వేసే 50 ఎంఎం కాంక్రీట్ పొర చదరపు మీటరుకు 110, 120 కిలోలు ఉంటది. పాత సుర్కి (సున్నం, ఇటుక పొడి పొర), పాత టైల్స్ తీసెయ్యకుండ దాని మీదనే ఇది వేస్తే స్లాబు మీద బరువు చాలా పెరుగుతది, ఒకసారి ఇంజనీర్‌ను పిలిచి చూపించండి.

3. రకం

మార్కెట్ల ఎక్కువగ దొరికేవి మూడు రకాలు.

ఎక్స్‌పీఎస్: గట్టి బోర్డు, పింక్, నీలం, ఆకుపచ్చ రంగులల్ల వస్తది, కోసిన అంచు అంతా ఒకే తీరుగ సన్నగ ఉంటది, నీళ్లు దాదాపు పీల్చదు, మీద నడవొచ్చు. స్లాబు పైన వెయ్యడానికి ఇదే సరైంది. రంగు చూసి మోసపోవద్దు, రంగు ఒక్కో కంపెనీ పెట్టుకున్న గుర్తు అంతే, పింక్‌ది మంచిది నీలంది తక్కువది అనేది ఏం లేదు.

ఈపీఎస్: మనం థర్మాకోల్ అనేది ఇదే. చేపల మార్కెట్ల ఐస్ పెట్టె ఉంటది చూడండి, అదే సరుకు, ఐస్ రోజంతా కరగకుండ ఎట్ల ఉంటదో వేడి కూడా అట్లనే ఆగుతది. కాకుంటే డెన్సిటీ (ఒక ఘనమీటరు సరుకు ఎన్ని కిలోలు తూగుతదో ఆ లెక్క) ముఖ్యం. గణపతి డెకరేషన్‌కు స్టేషనరీ షాపులల్ల కొనే షీటు స్లాబు మీద పనికిరాదు, కాలు పడితే నలిగిపోతది. కావాలంటే 25 లేదా 30 డెన్సిటీది అడగండి, బిల్లు మీద ఐఎస్ (ఇండియన్ స్టాండర్డ్) 4671 ప్రకారం అని రాయించుకోండి. వేడి ఆపుడుల ఎక్స్‌పీఎస్ కన్నా కొంచెం తక్కువ, 50 ఎంఎం ఎక్స్‌పీఎస్‌కు సమానం కావాలంటే ఇది 60 ఎంఎం వేయాలె. నీళ్లు కొంచెం పీలుస్తది కాబట్టి బోర్డు పైన కూడా ఒక వాటర్‌ప్రూఫ్ పొర కావాలె. బడ్జెట్ తక్కువున్నోళ్లకు ఇది చెడ్డదేం కాదు.

పఫ్, పీఐఆర్ (పాలీయురేతేన్ జాతి ఫోమ్): అన్నిటికన్నా తక్కువ మందంల ఎక్కువ వేడి ఆపేది ఇదే, ధర కూడా ఎక్కువే. దీనికి ఐఎస్ 12436 చూడాలె. ఎత్తు తక్కువున్న కాడ, రేకుల కింద ఇది మంచిది. స్లాబు మీద తడి తగిలే పనికి ఎక్స్‌పీఎస్‌నే నేను ముందు పెడతా.

4. మందం

అందరు తికమక పడేది ఇక్కడనే. ఆర్ వ్యాల్యూ (వేడిని ఎంత ఆపుతదో చెప్పే లెక్క) అంటే మందాన్ని మీటర్లల్ల రాసి కే వ్యాల్యూతోటి (ఆ సరుకు గుండ వేడి ఎంత ఈజీగ పోతదో చెప్పే లెక్క) భాగించుడే. ఎక్స్‌పీఎస్ కే వ్యాల్యూ 0.030 అనుకుంటే 50 ఎంఎంకు 0.050 ని 0.030 తోటి భాగిస్తే 1.67 వస్తది. ఆర్ వ్యాల్యూ ఎక్కువుంటే మంచిది.

ఉత్త స్లాబు గుండ వచ్చే వేడి 100 అనుకోండి. 25 ఎంఎం ఎక్స్‌పీఎస్ వేస్తే అది దాదాపు 27 అయితది. 50 వేస్తే 16. 75 వేస్తే 11. అంటే మొదటి 25 ఎంఎం తోటే ముప్పావు వంతు పని అయిపోతది, తర్వాత పెట్టే పైసలకు వచ్చే లాభం తగ్గుకుంట పోతది. 2018ల వచ్చిన ఎకో నివాస్ సంహిత కోడ్ ఇంటి పైకప్పుకు యూ వ్యాల్యూ (పైకప్పు గుండ ఎంత వేడి దిగుతదో చెప్పే లెక్క, తక్కువుంటే మంచిది) 1.2 దాటొద్దు అంటది, 25 ఎంఎం తోటే ఆ కోడ్ లెక్కల పాసైపోతరు. అయినా మన దిక్కు ఎండలకు, పై గదుల ఏసీ నడిపేటోళ్లకు 50 ఎంఎం వేసుకోండి అని చెప్తా, ఎందుకంటే కూలి, పైన కాంక్రీట్, రవాణా ఖర్చు 25కు 50కు దాదాపు ఒకటే పడుతది, పెరిగేది బోర్డు ధర ఒక్కటే. 75, 100 మామూలు ఇంటికి అవసరం లేదు.

5. ఎన్ని బోర్డులు

ఎక్కువగ దొరికే సైజు 1250 ఎంఎం పొడవు, 600 ఎంఎం వెడల్పు. ఒక్క బోర్డు 0.75 చదరపు మీటర్లు, అంటే 8.07 ఎస్‌ఎఫ్‌టీ. 1000 ఎస్‌ఎఫ్‌టీ స్లాబుకు 124 బోర్డులు, కోతల్ల పోయేది 5 శాతం కలిపితే 130. మీ బంగ్లా మీద దిమ్మెలు, మూలలు ఎక్కువుంటే 8 శాతం కలపండి. 1200 ఎంఎం పొడవు సైజు కూడా ఉంటది, అది ఇస్తే లెక్క మారుతది, కొటేషన్‌ల ఏ సైజో చూడండి. మేస్త్రి గజాలల్ల చెప్తే 9 తోటి గుణించుకోండి, చాలా మంది ఇక్కడనే తక్కువ తెప్పించి మళ్లీ ఒక్క కట్ట కోసం రవాణా ఖర్చు పెట్టుకుంటున్నరు.

6. కొటేషన్ అడిగేటప్పుడు

వరంగల్‌ల హార్డ్‌వేర్ షాపులల్ల ఎక్స్‌పీఎస్ రెడీగ స్టాక్ ఉండుడు తక్కువ, తెప్పించి ఇస్తం అంటరు. హైదరాబాద్‌ల బాలానగర్, జీడిమెట్ల దిక్కు ఇన్సులేషన్ డీలర్లు ఉంటరు. ఇంకో మంచి దారి చెప్తా, ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఉన్నయి కదా, వాటికి ఇన్సులేషన్ పని చేసే కాంట్రాక్టర్లను పట్టుకోండి. వాళ్లకు ఏ సరుకు ఎక్కడ మంచిగ దొరుకుతదో తెలుసు, వాళ్ల లోడుతోటి మీ సరుకు కలిపి తెప్పిస్తే కిరాయి కలిసొస్తది.

ఫోన్ల "ఫోమ్ షీటు ఎంత అన్నా" అని అడగొద్దు. ఇట్ల అడగండి: "సేటు, ఎక్స్‌పీఎస్ బోర్డు, 50 ఎంఎం, డెన్సిటీ 32 పైన, కంప్రెసివ్ స్ట్రెంత్ 250 కేపీఏ తక్కువ కాకుండ, అంచులు షిప్‌ల్యాప్, వరంగల్ డెలివరీతోటి, జీఎస్‌టీ కలిపి ఎస్‌ఎఫ్‌టీకి ఎంత? డేటాషీట్ వాట్సాప్ చెయ్యండి." షిప్‌ల్యాప్ అంటే ఒక బోర్డు అంచు పక్క బోర్డు అంచు మీదికి ఎక్కేటట్టు కోసింది. గిట్ల అడిగితే అవతలోళ్లకు కూడా మీకు తెలుసని అర్థమైతది.

డేటాషీట్‌ల చూడాల్సినవి: డెన్సిటీ, కే వ్యాల్యూ (కొత్తగ ఉన్నప్పటిది ఒకటి, కొన్నేండ్ల తర్వాతది ఒకటి ఉంటయి, రెండోదే అడగండి), నీళ్లు పీల్చే శాతం, కంప్రెసివ్ స్ట్రెంత్ (ఎంత ఒత్తిడికి నలగకుండ ఆగుతదో), ఏ స్టాండర్డ్ ప్రకారం టెస్ట్ చేసిన్రు అనేది. ఎక్స్‌పీఎస్‌కు ఏఎస్‌టీఎం సీ578 లేదా ఈఎన్ 13164 అని ఉంటది. "ఫైర్ రిటార్డెంట్" (మంట పాకకుండ మందు కలిపినది) అని నోటితోటి చెప్తే నమ్మొద్దు, కాగితం మీద ఉండాలె.

రేట్లు పోల్చేటప్పుడు ఒకరు ఎస్‌ఎఫ్‌టీకి చెప్తరు, ఒకరు బోర్డుకు చెప్తరు, థర్మాకోల్ వాళ్లు ఘనమీటరుకు చెప్తరు. అన్నిటిని ఒక్క ఎస్‌ఎఫ్‌టీ, ఒకే మందం కిందికి మార్చుకున్నంకనే ఎవరిది తక్కువో చూడండి. జీఎస్‌టీ 18 శాతం ఉంటది, లోపలనా బయటనా అడగండి. బిల్లు లేకుండ తక్కువకిస్తం అంటే వద్దనండి, రేపు సరుకు తేడా వస్తే మాట్లాడటానికి చేతిల ఏముండదు.

7. సరుకు చూసి తీసుకునుడు

అన్నిటికన్నా ముఖ్యమైన స్టెప్పు ఇదే, మిగతావి చదవకున్నా ఇది చదవండి.

ముందు తూకం. 1250 × 600 × 50 ఎంఎం బోర్డు 0.0375 ఘనమీటర్లు అయితది. 32 డెన్సిటీ అంటే ఒక్క బోర్డు 1.2 కిలోలు తూగాలె. 25 ఎంఎం అయితే 600 గ్రాములు. కాటా మీద 900 గ్రాములు చూపిస్తే అది 24 డెన్సిటీ, మీకు చెప్పిన సరుకు కాదు. కట్టల నుంచి పైది ఒకటి, మధ్యలది ఒకటి, అడుగుది ఒకటి తీసి తూయండి, పై బోర్డు ఒక్కటే చూపించి ఒప్పిస్తరు కొందరు. థర్మాకోల్‌కు, పఫ్‌కు కూడా లెక్క ఇదే: పొడవు, వెడల్పు, మందం మీటర్లల్ల గుణించి, వచ్చినదాన్ని డెన్సిటీతోటి గుణిస్తే ఎన్ని కిలోలు ఉండాలెనో వస్తది.

తర్వాత మందం. రెండించులు అని చెప్పి 45 ఎంఎం ఇచ్చేటోళ్లు ఉన్నరు. నాలుగు మూలల టేపు పెట్టి చూడండి, ఒకటి రెండు ఎంఎం తేడా ఫరవాలేదు, అంతకన్నా ఎక్కువ ఉంటే వాపస్ చెయ్యండి.

ఒక ముక్క ఇరిచి చూడండి. ఎక్స్‌పీఎస్ లోపల గింజలు కనపడొద్దు. గింజలు గింజలుగ రాలితే అది రంగేసిన థర్మాకోల్. బొటనవేలుతోటి గట్టిగ ఒత్తితే లోతుగ గుంట పడొద్దు.

నీళ్ల పరీక్ష: అరచేతంత ముక్క తూకం వేసి, బకెట్ల మునిగేటట్టు పైన రాయి పెట్టి రాత్రంతా ఉంచండి, పొద్దున పైన తడి తుడిచి మళ్లీ తూయండి. ఎక్స్‌పీఎస్ అయితే తేడా పెద్దగ తెల్వదు. ఇది సాంపిల్ తెప్పించుకున్నప్పుడే చేస్కోండి, లోడు దిగినంక చేస్తే టైం ఉండదు.

నిప్పు పరీక్ష కూడా సాంపిల్ తోటే, బయట ఖాళీ జాగల, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకొని, పట్టుకారుతోటి చిన్న ముక్క పట్టుకొని చెయ్యాలె. మంట తగిలించి తీసెయ్యండి. ఫైర్ రిటార్డెంట్ సరుకైతే మంట తీయంగనే ఆరిపోతది, మామూలుదైతే కారుకుంట మండుతనే ఉంటది. పొగ అస్సలు పీల్చొద్దు, పిల్లల్ని దగ్గరికి రానియ్యొద్దు.

8. రవాణా, పెట్టుడు

130 బోర్డులు కలిపి బరువు 150 కిలోల చిల్లరనే, కానీ జాగ మాత్రం దాదాపు 5 ఘనమీటర్లు తింటది. బరువు చూసి చిన్న ట్రాలీ మాట్లాడితే కుక్కి తాళ్లు గుంజి కడ్తరు, అంచులు అన్నీ తాళ్ల కింద నలిగిపోతయి. తాడు కింద చెక్కో అట్టముక్కో పెట్టమనండి. హైదరాబాద్ నుంచైతే డీసీఎంల వేరే లోడుతోటి కలిపి తెచ్చుకుంటే మంచిది.

ఇంటికొచ్చినంక నీడల పెట్టాలె. ఎండల ఇడిస్తే పైపొర పసుపు రంగుకొచ్చి పొడి పొడి అయితది. నల్ల కవర్ కప్పి ఎండల పెడితే ఇంకా అన్యాయం, లోపల వేడికి బోర్డులు వంకర పోతయి. గాలిదుమారం వస్తే బంగ్లా మీదికెళ్లి బోర్డు ఎగిరి కరెంటు వైర్ల మీద పడే ప్రమాదం ఉంది, పైన ఇటుకలు పెట్టండి. గ్రిల్ వెల్డింగ్ పని నడుస్తుంటే బోర్డులు ఆ దరిదాపుల్ల ఉండొద్దు.

9. వేసేటప్పుడు మేస్త్రికి చెప్పాల్సినవి

వరుస ఇది: స్లాబు, వాటర్‌ప్రూఫింగ్, దాని మీద ఎక్స్‌పీఎస్ బోర్డు, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద చికెన్ మెష్ పెట్టి 40 నుంచి 50 ఎంఎం కాంక్రీట్, పైన తెల్ల టైల్ లేదా కూల్ రూఫ్ పెయింట్.

బోర్డుల జాయింట్లు ఇటుక కట్టినట్టు ఒకదాని మీద ఒకటి రాకుండ వేయాలె, సందులు టేపు వేసి మూయాలె, 5 ఎంఎం కన్నా పెద్ద సందు ఉంటే పీయూ ఫోమ్ (డబ్బా నుంచి కొడితే ఉబ్బి గట్టిపడేది) కొట్టాలె. పిట్టగోడ పక్కన అంచులు తెరిచి ఇడవొద్దు, ఎలుకలు, చెదలు ఫోమ్‌ల గూడు చేస్కుంటయి. కాంక్రీట్‌ను సుమారు 3 మీటర్ల గడులుగ చేసి మధ్యల జాయింట్ ఇడవాలె, లేకుంటే మొదటి ఎండకే పగుళ్లు. క్యూరింగ్ కనీసం ఏడు రోజులు, గోనె సంచులు తడిపి కప్పాలె, మార్చి దాటినంక పైపుతోటి పొద్దున ఒకసారి నీళ్లు కొడితే గంటల ఆరిపోతది, అది క్యూరింగ్ కాదు.

ఎక్కువగ జరిగే తప్పులు

సాల్వెంట్ ఉన్న గమ్ము పూసుడు. ఎక్స్‌పీఎస్, థర్మాకోల్ రెండూ పెట్రోల్, థిన్నర్, అసిటోన్ తగిలితే కరిగిపోతయి. చెక్క పనికి వాడే ఘాటు వాసన గమ్ము పూస్తే బోర్డు గుంటలు పడుతది. సిమెంట్ పాలిమర్ అడ్హెసివ్ గాని, పాలీస్టైరిన్‌కు (ఈ రెండు బోర్డులు తయారయ్యే ప్లాస్టిక్) పనికొస్తది అని డబ్బా మీద రాసున్న గమ్ము గాని వాడండి. అనుమానం ఉంటే చిన్న ముక్క మీద పూసి మరునాడు చూడండి.

బోర్డు మీద తారు షీటును గ్యాస్ టార్చ్‌తోటి అంటించుడు. బోర్డు కరుగుతది, నిప్పు కూడా అంటుకోవచ్చు. టార్చ్ పని ఉంటే బోర్డులు పైకి రాకముందే అయిపోవాలె.

లోపల సీలింగ్ చేసేటోళ్లు కరెంటు వైర్లను థర్మాకోల్‌కు ఆనిచ్చి పెడుతున్నరు. పీవీసీ వైరు పైతొడుగులున్న రసాయనం మెల్లగ థర్మాకోల్‌లకు పోయి ఆ తొడుగు పెళుసు అయితది. వైర్లు పైపులల్లనే పోవాలె, లైట్ల చుట్టు ఫోమ్ తగలకుండ ఖాళీ ఉండాలె.

4 ఎంఎం, 10 ఎంఎం వెండి రంగు ఫాయిల్ షీటు వేసి "ఇది 50 ఎంఎంకు సమానం" అని చెప్పేటోళ్లను నమ్ముడు. ఫాయిల్ పని చెయ్యాలంటే దాని ముందు గాలి సందు ఉండాలె, కాంక్రీట్‌ల పాతిపెట్టిన ఫాయిల్ ఏమీ చెయ్యదు.

పైసలు ఇప్పుడు సరిపోకుంటే సగం బంగ్లాకు వేసుడు, సన్నటి బోర్డు వేసుడు కన్నా ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి తెల్ల కూల్ రూఫ్ పెయింట్ కొట్టించండి. రాష్ట్రం 2023ల తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేది కూడా ఇదే తీరు పైకప్పుల గురించే. బోర్డులు వచ్చే ఏడాది వేసుకోవచ్చు. పడక గది పైన వరకు వేసుకుంటం అంటే మాత్రం సరే, గది గోడలు దాటి రెండడుగులు ఎక్కువ పరవండి, లేకుంటే పక్క స్లాబు వేడి అంచుల నుంచి పాకుతది.

పని చేసిందా లేదా ఎట్ల తెలుస్తది

పని మొదలుకాకముందే సీలింగ్ కొలత తీసి పెట్టుకోండి, ఇది మర్చిపోతే తర్వాత అంతా అంచనానే. ఎండ బాగున్న రోజు సాయంత్రం 4 గంటలకు ఒకసారి, రాత్రి 9 గంటలకు ఒకసారి, థర్మామీటర్ గన్ సీలింగ్‌కు నేరుగ పెట్టి, గదిల ఐదు చోట్ల. ఏసీ బంద్ ఉండాలె. అదే టైంకు బయట ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.

పని అయి క్యూరింగ్ తడి ఆరినంక, బయట అంతే ఎండున్న రోజు మళ్లీ అదే టైంకు అవే చోట్ల కొలవండి. తడి ఉన్నప్పుడు కొలిస్తే తక్కువ చూపిస్తది, అది చూసి సంబరపడొద్దు. అసలు చూడాల్సింది రాత్రి 9 గంటల రీడింగ్. ఉత్త స్లాబు అప్పుడు గది గాలి కన్నా వేడిగ ఉంటది, బోర్డు మంచిగ పడితే సీలింగ్, గోడ దాదాపు ఒకే రీడింగ్ కాడికి వస్తయి. ఒక్క చోట మాత్రం ఎక్కువ చూపిస్తే అక్కడ సందు ఉన్నట్టు, లేకుంటే దిమ్మె ఉన్నట్టు. దిమ్మె అయితే దాని చుట్టు పక్కలకు కూడా బోర్డు ముక్కలు అంటించి ప్లాస్టర్ చేయించండి. గది మొత్తం ఎక్కువనే ఉండి పడమర గోడ సీలింగ్ కన్నా వేడిగ ఉంటే స్లాబు పని అయిపోయినట్టే, ఇప్పుడు వేడి వస్తున్నది ఆ గోడ నుంచి, కిటికీల నుంచి. దానికి బయట నీడ కావాలె, స్లాబు మీద ఇంకో పొర బోర్డు వేసినా ఫాయిదా లేదు.

మొదటి వాన పడినంక ఒకసారి సీలింగ్ మూలలు, పైపు చుట్టు చూడండి. తడి మరక కనపడితే బోర్డు తవ్వకముందు పైపు నోరు, పిట్టగోడ మూల చూడమనండి, ఎక్కువసార్లు లీకు అక్కడనే ఉంటది. మిగిలిన రెండు మూడు బోర్డులు పారెయ్యొద్దు, రేపు ఎక్కడన్నా తవ్వాల్సి వస్తే అదే మందంది, అదే అంచుది ఒకటో రెండో బోర్డులు ఎవరూ హైదరాబాద్ నుంచి పంపరు.